నీళ్ళు పోసే వేళ

మాఘమాసపు తెల్లవారుజాము. దివిసీమ మీద మంచు ఇంకా విడలేదు. కోడూరు వైపు వెళ్ళే రోడ్డు దిగి, కాలవ గట్టు వెంట నాలుగిళ్ళు దాటి, పెరటి తడిక తోసుకుని లోపలికి రండి. ముందు మీకు అందేది వావిలాకు వాసన. పచ్చిగా, ఘాటుగా, ముక్కుపుటాలు తెరుచుకునేలా ఉంటుంది.

కట్టెల పొయ్యి మీద రాగి కాగు. కాగు నిండా నీళ్ళు, నీళ్ళ మీద వావిలి రెమ్మలు. నిన్న సాయంత్రమే గట్టు మీది కంచెలోంచి కోసుకొచ్చారు. పొయ్యి ముందు పీట వేసుకుని ఎండు కొబ్బరిమట్టలు లోపలికి నెడుతున్నావిడ చంటిపిల్లకు అమ్మమ్మ. కూతురు తొలికాన్పుకి పుట్టింటికి వచ్చి, ఆస్పత్రిలో ఆడపిల్లను కన్నది. ఇవాళ్టికి పద్నాలుగో రోజు.

లోపల నులకమంచం మీద బాలింత లేచి కూర్చుంది. చెవుల్లో దూది. తలకు పాత చీర ముక్క. నడుముకి నడికట్టు. మామూలు కాన్పు కాబట్టి మూడో రోజు నుంచే కట్టారు. ఆపరేషన్ అయిన తల్లికైతే కుట్లు మానేదాకా ఈ కట్టూ వద్దు, కడుపు మీద వేడినీళ్ళూ వద్దు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వంద కాన్పుల్లో 42 ఆపరేషన్‌తోనే జరిగాయి. పాత పద్ధతులన్నీ మామూలు కాన్పుని దృష్టిలో పెట్టుకుని పుట్టినవి. అమ్మమ్మలు ముందుగా తెలుసుకోవలసిన తేడా ఇదే.

"లేచావా అమ్మా? కాయం వేసుకో. పరగడుపున పడాలి."

ఉసిరికాయంత ఉండ. నల్లగా, నెయ్యి మెరుస్తూ ఉంది. నోట్లో వేసుకోగానే అమ్మాయి కళ్ళు గట్టిగా మూసుకుంది. మొదట బెల్లం తీపి, వెంటనే శొంఠి, ఆ వెనక మిరియం. గొంతు దిగేసరికి ఛాతీ అంతా వెచ్చబడుతుంది.

ఈ కాయం దినుసులు గుడివాడ నుంచి వచ్చాయి. అమ్మమ్మ పుట్టిల్లు అటువైపే. ఆ ఊరి మార్కెట్లో మూలికలమ్మే పాత కొట్టు ముందు మీరూ ఒక నిమిషం నిలబడండి. గోనెసంచుల నోళ్ళు మడిచి వరసగా పెట్టి ఉంటాయి. కుంకుళ్ళు, వట్టివేళ్ళు, కచ్చూరాలు, బావంచాలు, కరక్కాయలు. ఆ కరక్కాయే ఇక్కడికి దగ్గర్లోని పెడనలో కలంకారీ గుడ్డకు పట్టిస్తారు, రంగు పట్టి నిలవడానికి. "బాలింత కాయానికండీ" అంటే చాలు, కొట్టాయన మళ్ళీ అడగడు. శొంఠి, పిప్పళ్ళు, మోడి, మిరియాలు, వాము, జీలకర్ర, ధనియాలు వేటికవి తూచి, పొట్లాలు కట్టి, ఒక్క మాట మాత్రం అడుగుతాడు: "తొలిచూలా?" అవునంటే పిప్పళ్ళు కాస్త తగ్గిస్తాడు. కొత్త బాలింత ఆ ఘాటుకి తట్టుకోలేదని ఆయన లెక్క.

ఇంటికి తెచ్చాక అసలు పని మొదలవుతుంది. శొంఠిని చితక్కొట్టి నేతిలో వేయించాలి. మోడి వేర్లు గట్టివి, రోట్లో రోకలితో దంచితేగాని లొంగవు. దంచిన పొడిని పలచటి పాత నూలుగుడ్డలో వేసి జల్లించాలి. బెల్లం పాకం తీగ సాగేలోపు పొడి పోసి, నెయ్యీ నువ్వులనూనే కలిపి, సన్నసెగ మీద కలియబెడుతూ ఉండాలి. ముద్ద గిన్నె అంచుల్ని వదిలి దగ్గరపడితే అయినట్టు. ఆ పొద్దంతా ఇల్లు దాటి వీధిదాకా వాసన. దారిన పోయేవాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు, ఈ ఇంట్లో పురుడు వచ్చిందని.

కాయం తింటే జబ్బులు రావని నేను చెప్పను. వేళకి నెయ్యీ బెల్లమూ ఒంట్లో పడతాయి, అరుగుదల బాగుంటుంది, ఒళ్ళు వెచ్చగా ఉంటుంది. అంతవరకూ నిజం. కాన్పయిన తల్లి 180 రోజులు వేసుకోవలసిన ఐరన్ మాత్రకు మాత్రం కాయం బదులు కాదు. ఈ ఇంట్లో కాయం డబ్బా పక్కనే ఆ మాత్రల అట్టా ఉంది. రెంటినీ అక్కడ పెట్టింది అమ్మమ్మే.

ఆవిడ భయం ఒకటే: సన్నిపాతం. ఆ మాట గట్టిగా అనడానికి కూడా ఆవిడకి ఇష్టం ఉండదు. చిన్నప్పుడు సొంత మేనత్త పురిటి మంచంలోనే వేడెక్కిపోయి, పలవరిస్తూ పోవడం చూసింది. చల్లగాలి తగిలి వచ్చిందన్నారు అప్పట్లో. చెవుల్లో దూదీ, తలకి గుడ్డా, మూసిన కిటికీలూ అన్నీ ఆ భయంలోంచి వచ్చినవే. 1847లో వియన్నా పెద్దాస్పత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు ఆ జ్వరం దారి పట్టుకున్నాడు. అది గాలిలోంచి రాలేదు, పురుడు పోసే చేతుల్లోంచి వచ్చింది. క్లోరిన్ సున్నపు నీళ్ళతో చేతులు కడిగించగానే ఆ వార్డులో తల్లుల చావులు ఒక్కసారిగా పడిపోయాయి. మన పెద్దవాళ్ళ భయం ఉత్తిది కాదు. ప్రమాదం నిజంగానే ఉంది, వాళ్ళు వెతికిన చోట లేదు, అంతే. అందుకే ఆ కిటికీ తెరవచ్చు. చేతులు మాత్రం సబ్బుతో కడగాల్సిందే.

బాలింత స్నానం అయింది. వావిలాకు నీళ్ళు నడుము మీద ధారగా పోస్తుంటే అమ్మాయి గోడకి చేయానించి, తల వంచుకుని నిలబడింది. బిడ్డను కన్న నడుము అది. ఆ వేడికి ఒక్కో నరమూ సడలుతుంటే ఆమె నోట్లోంచి వచ్చిన నిట్టూర్పు మీరు విని ఉంటే, ఈ కాగూ ఈ ఆకూ ఎందుకని అడగరు.

పొద్దు తాటిచెట్ల పైకి వచ్చాక నీళ్ళు పోసే మామ్మ వచ్చింది.

ఆమె వీధి మలుపులో కనబడగానే ఇల్లంతా సర్దుకుంటుంది. ఉప్పెన నాటికి, అంటే 1977 నవంబరు 19 నాటికి, ఆమె ఈ ఊరికి కొత్త కోడలు. అత్తగారు మంత్రసాని. ఆవిడ దగ్గరే పని నేర్చుకుంది. కాన్పులు ఆస్పత్రులకి వెళ్ళిపోయాక మంత్రసాని పని పోయింది, నీళ్ళు పోసే పని మిగిలింది. ఈ వీధిలో మీసాలొచ్చిన మగపిల్లల్లో సగంమంది ఆమె కాళ్ళ మీద పడుకుని ఏడ్చినవాళ్ళే.

చేతులు కడుక్కుంది. మోచేతుల దాకా, సబ్బుతో, గోళ్ళలోకి పోనిచ్చి. గాజులు పైకి తోసింది. బావి పక్క చప్టా మీద పీట వేసుకుని, చీర మోకాళ్ళ దాకా మడిచి, రెండు కాళ్ళూ చాపి దగ్గరగా చేర్చింది. "ఏదమ్మా మా బంగారు? ఇట్టా తీసుకురండి."

చంటిపిల్లని ఆ కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టారు, తల పాదాల వైపు. మామ్మ పాదాలు కాస్త పైకి లేచి తలకు ఆసరా అయ్యాయి. అంతకన్నా కుదురైన పక్క చంటిపిల్లకి ఎక్కడా దొరకదు. అటు దొర్లదు, ఇటు జారదు, వెచ్చగా ఉంటుంది, అదురుపాటు వస్తే ఆ కాళ్ళకే ముందు తెలుస్తుంది.

మాడు మీద ఆముదం. అరచేత్తో అద్దింది, నొక్కలేదు. ఆ మెత్తటి చోట వేలు గుచ్చుకోకూడదని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తర్వాత ఒంటికి నువ్వులనూనె. గానుగలో ఆడించింది, గోరువెచ్చగా కాచింది. రెండు బొటనవేళ్ళతో గుండె మధ్యనుంచి భుజాల వైపు. బొడ్డు చుట్టూ గుండ్రంగా, పొట్ట మీద చెయ్యి పెట్టీ పెట్టనట్టు. తొడల నుంచి మడమల దాకా పిడికిట్లోంచి జారవిడుస్తూ. కుడిచేయి ఎడమ భుజానికి, ఎడమచేయి కుడి భుజానికి. కాలు ఎత్తి ఎదుటి చేతికి తాకించడం. ప్రతిదానికీ ఒక రాగం తీస్తూ ఉంది, పాట కాదు, మాటలూ కాదు. పిల్ల మొదట ముఖం ఎర్రగా చేసి గుక్కపట్టింది. పొట్ట దాటి కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఏడుపు మానేసి, కళ్ళు విప్పార్చి, మామ్మ ముఖంలోకే చూస్తోంది.

నూనె సంగతి పెద్ద ఆస్పత్రులూ పరీక్షించాయి. ఢాకా శిశు ఆస్పత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పసికందుల ఒంటికి పొద్దుతిరుగుడు నూనె రాస్తే ఇన్‌ఫెక్షన్లు తగ్గాయని 2005లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. పల్చటి చర్మానికి నూనె ఒక తొడుగు అవుతుంది. ఏ నూనె అయినా ఒకటే అనుకోవద్దు. ఉత్తరాదిన వాడే ఆవనూనె పసి చర్మాన్ని రేపుతుంది. మన నువ్వులనూనె, కొబ్బరినూనె మృదువుగా ఉంటాయి.

ఇప్పుడు నలుగు. పెసరపిండిలో చిటికెడు పసుపు, తల్లిపాలు నాలుగు చుక్కలు. వరి కోశాక ఈ నల్లరేగడి మాగాణుల్లో చల్లేది మినుములూ పెసలే కాబట్టి పిండికి ఎవరూ కొట్టుకి పోరు. పిల్ల తాతయ్య చేలో పెసలే, ఇంట్లో విసిరినవే. మామ్మ పిండిని రుద్దదు, పూసి చేత్తో తుడుస్తుంది. "పద్నాలుగు రోజుల చర్మం తల్లీ ఇది. నూగు ఎప్పటికైనా పోద్ది. చర్మం రేగితే మాత్రం పట్టుకోలేం." భుజం మీద నూగు పోవాలని గట్టిగా రుద్దమంటున్న అమ్మమ్మకి ఆమె సమాధానం అది.

మోచెయ్యి బిందెలో ముంచి చూసింది. మరో చెంబు చన్నీళ్ళు కలపమంది. మళ్ళీ ముంచింది. అప్పుడుగాని మొదటి చెంబు వంచలేదు. పిల్లని బోర్లా తిప్పి, గడ్డం తన చేతి మీద ఆనేలా పట్టుకుని, వీపు మీద పలచటి ధార. ముఖం మీదికి నీళ్ళు రాకుండా నొసటి దగ్గర అరచెయ్యి అడ్డం. చూస్తున్న మీకే ఒళ్ళు తేలిక పడుతుంది.

ఇంతవరకూ బాగుంది. ఇక్కడే మామ్మ రెండు వేళ్ళతో పిల్ల ముక్కు పట్టి లాగింది, సూటిగా రావాలని. వంగి, ముక్కులోకి ఊదబోయింది.

"మామ్మా! ఊదొద్దు!"

తడిక దగ్గర ఆశా కార్యకర్త. సంచీ భుజాన, చెప్పులు విడుస్తూనే అరిచింది. ఆస్పత్రిలో కాన్పయిన తల్లి ఇంటికి ఆమె ఆరుసార్లు రావాలి. మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండు. పుట్టినప్పుడు బరువు తక్కువున్న పిల్లలకీ, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకీ ఆ రాకపోకలే ప్రాణం.

"నువ్వు పుట్టినప్పుడూ ఊదాను, ఏవైందే నీకు?" అంది మామ్మ. ఆశాను కూడా ఆమే పెంచింది మరి.

"నాకేం కాలేదు మామ్మా. కానీ నీకు జలుబుంది. నీ నోట్లోది దాని ఊపిరితిత్తుల్లోకి పోద్ది. పోయినేడు పక్కూళ్ళో చంటోడి ముక్కులో నూనె చుక్కలు వేశారు. నిమ్ము చేసి, వారం ఆస్పత్రిలో ఉంచాల్సి వచ్చింది."

మామ్మ మాట్లాడలేదు. తుండు తీసుకుని పిల్ల తల తుడవడం మొదలుపెట్టింది. ఆశా పక్కనే గొంతుక్కూర్చుంది. గొంతు తగ్గించి, ఒక్కోటీ చెప్పింది. పసిపిల్ల రొమ్ముల్లో పాలు ఉబ్బితే పిండకూడదు, చీము పడుతుంది, వాటంతటవే తగ్గుతాయి. బొడ్డు ఊడి పచ్చి ఆరేదాకా పసుపూ బూడిదా ఏదీ వద్దు, పొడిగా ఉంటే చాలు. చెవుల్లో నూనె వద్దు. కంటికి కాటుక వద్దు. దిష్టిచుక్క కావాలంటే అరికాల్లో పెట్టుకోండి. తేనె నాకించొద్దు, ఏడాది నిండేదాకా తేనెలో ఉండే ఒక సూక్ష్మక్రిమి పసిపేగులో విషం తయారుచేయగలదు. ఆముదం ఉగ్గు వద్దు.

"వస కూడా వద్దంటావా? మాటలు రావాలి కదే దానికి!" అమ్మమ్మకి అది మింగుడుపడలేదు. సాన మీద అరగదీసి పెట్టుకున్న వసకొమ్ము గూట్లోనే ఉంది.

వస మాట నేను చెబుతాను. వసకొమ్ములో ఉండే బీటా అసరోన్ అనే పదార్థం ప్రమాదకరమని తేలి, 1968లోనే అమెరికా దాన్ని తిండి పదార్థాల్లో నిషేధించింది. రోజుల పిల్లకి నాలుక మీద రాసిన ఆ మడ్డి వాంతులు తెప్పించగలదు. పిల్లకి మాటలు వచ్చేది దానితో మనం మాట్లాడితే. ఇందాక మామ్మ రాగాలు తీసిందే, అదీ మాటలు నేర్పే పనే. ఆ పని ఏ కొమ్మూ చెయ్యలేదు.

ఆశా గుడ్డ ఊయలలాంటి త్రాసులో పిల్లని వేసి పైకెత్తింది. అందరి కళ్ళూ ముల్లు మీదే. పుట్టాక మొదటి రోజుల్లో ఏ పిల్లయినా కాస్త తగ్గుతుంది, రెండు వారాలకి మళ్ళీ పుట్టిన బరువుకి రావాలి. ఈ పిల్ల దాన్ని దాటేసింది. "నీ చేతి చలవే మామ్మా" అంది ఆశా. మామ్మ ముఖం అప్పుడు విచ్చుకుంది.

తలారబెట్టడానికి సాంబ్రాణి వేస్తామంటే ఆశా ఒప్పుకుంది, పెరట్లోనే, పిల్లకి ఎడంగా, పొగ ముఖం మీదికి రాకుండా. పాత నూలు చీర ముక్కలో చుట్టి తల్లి ఒళ్ళో పెట్టారు. రొమ్ము అందుకుంది. గుటకల చప్పుడు గడప దాకా వినిపిస్తోంది.

వంటింట్లో మధ్యాహ్నం మొదలైంది. పిల్ల తాతయ్య బందరు నుంచి వచ్చాడు. తెల్లారకముందే బండి మీద మోపిదేవి, చల్లపల్లి దాటి గిలకలదిండి హార్బరుకి వెళ్ళాడు, పాలసొర కోసం. పడవలు వచ్చే వేళకి అక్కడ నేలంతా తడి, ఐసు ముక్కలు, వేలంపాట కేకలు. "బాలింతకా బాబాయ్? ఐతే ఆ పెద్దసొర వద్దు, ఇది పట్టుకెళ్ళు" అని మత్స్యకార మహిళ మూరెడు పాలసొరని తీసి ఇచ్చింది. మంచి మాట చెప్పింది. పెద్ద సొరల్లో పాదరసం పేరుకుంటుంది, చిన్నవాటిలో తక్కువ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పుతీరంలో వేట నిషేధం కాబట్టి ఎండాకాలపు బాలింతలకి ఈ భాగ్యం ఉండదు.

సొరకి ఒక రకం కారపు వాసన ఉంటుంది. సముద్రపు ఉప్పుని తట్టుకోవడానికి అది ఒంట్లో యూరియా నిలవ చేసుకుంటుంది, చచ్చాక అదే ఘాటవుతుంది. అందుకని అమ్మమ్మ ముక్కల్ని పసుపునీళ్ళలో ఉడికించి, గరుకు తోలు ఒలిచి, రెండు చేతుల మధ్యా నీరంతా పిండేసింది. పొడిగా విడిపోయిన దాన్ని అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చితో వేయించింది. పాలసొర పిట్టు. పక్క పొయ్యి మీద తెలగపిండి, మునగాకు. నూనె తీశాక గానుగలో మిగిలిన నువ్వుల చెక్క అది. మాంసకృత్తులూ సున్నమూ అందులోనే ఉండిపోతాయి. చేప తినని ఇళ్ళలో బాలింతకి ఇదే బలం.

మొదటి ముద్ద మాత్రం వెల్లుల్లి కారం, నెయ్యి. 1991లో ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రం శాస్త్రవేత్తలు తల్లులకి వెల్లుల్లి ఇచ్చి చూశారు. పాలల్లోకి ఆ వాసన దిగింది, పిల్లలు రొమ్ము వదలకుండా ఇంకాసేపు తాగారు. పిల్ల ఎంత తాగితే పాలు అంత పడతాయి. కృష్ణాజిల్లా అమ్మమ్మల కంచంలో ఆ ముద్ద ఎప్పటినుంచో ముందే ఉంది.

అమ్మాయి నీళ్ళ చెంబు కోసం చూసింది. అమ్మమ్మ అరగ్లాసే పోసింది. బాలింతకి నీళ్ళు ఎక్కువైతే పొట్ట జారుతుందని పాత మాట. పాలిచ్చే తల్లికి ఇంతకంటే పెద్ద అన్యాయం లేదు. దాహం వేసినన్నిసార్లు తాగాలి, కాచి చల్లార్చినవి కావలసినన్ని. ఆశా ఏమీ అనకుండా చెంబు తీసి గ్లాసు నింపింది. అలాగే పప్పు, పెరుగు, పండు ఆపవద్దని చెప్పి, పక్కింటికి కదిలింది.

ఇరవై ఒకటో రోజున బారసాల. ఆ తర్వాత బాలింత చేత బావిలో చేద వేయిస్తారు, పసుపు కుంకుమ పెట్టి. మూడో నెల వచ్చేసరికి ఇంటిల్లిపాదీ మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి దగ్గరికి వెళ్తారు. అప్పటిదాకా ఈ అమ్మాయి బిందె ఎత్తదు, చీపురు పట్టదు. ఆ విశ్రాంతిని ఆచారం పేరుతో పెద్దవాళ్ళు కట్టుదిట్టం చేశారు. ఈ మొత్తం పథ్యంలో అన్నిటికన్నా గొప్ప మందు అదేనని నా నమ్మకం. డల్లాస్‌లోనో హైదరాబాద్‌లోనో ఉన్న కూతురి కోసం కాయం డబ్బా సర్దుకుని విమానమెక్కే గుడివాడ తల్లులు నిజంగా మోసుకెళ్ళేదీ అదే. వాళ్ళు వెళ్ళేది వండిపెట్టడానికి, నీళ్ళు పోయడానికి, కూతురు కళ్ళు మూసుకునే ఆ రెండు గంటలూ పిల్లని ఎత్తుకోవడానికి.

మీ ఇంట్లో బాలింత ఉంటే నూనె కాచండి, నలుగు కలపండి, కాగు పెట్టండి, తెలగపిండి వండండి. బిడ్డకి ఆరు నెలలు నిండేదాకా నోట్లోకి తల్లిపాలూ డాక్టరు రాసిన మందులూ తప్ప మరేదీ పోనివ్వకండి. నీళ్ళు పోసే పెద్దామెకీ ఆశా కార్యకర్తకీ ఒకే చాప మీద చోటివ్వండి. బిడ్డ పాలు పట్టడం మానేసినా, ఒళ్ళు చల్లబడినా కాలిపోతున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాదాల దాకా పచ్చబడినా, తల్లికి జ్వరం వచ్చినా రక్తం ఆగకుండా పోతున్నా కాయం కోసం, కషాయం కోసం ఒక్క గంట కూడా చూడొద్దు. 108కి ఫోన్ చేయండి.